ఉపగ్రహ చిత్రాలతో ఉప్పు చిత్తడి నేలల మ్యాపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలు, అటవీ శాఖలో పనిచేసేవాళ్లు, అప్పుడప్పుడు మత్స్యకారుల సంఘాల వాళ్లు ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ అడిగినవే ఈ ప్రశ్నలు. మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారట్లేదు. ప్రతిసారీ కొత్తగా టైప్ చేసే ఓపిక లేక ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా కాకినాడ దగ్గరి కోరింగ, కృష్ణా మొగ (నది సముద్రంలో కలిసే చోటు), పులికాట్ సరస్సు వైపువి. నేను తిరిగింది అటే. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఉప్పు చిత్తడి అంటే మడ అడవే కదా? మళ్లీ వేరేగా మ్యాపు ఎందుకు?

కాదు. మడ అడవిలో ఉండేవి చెట్లు. ఉప్పు చిత్తడిలో ఉండేవి మోకాలెత్తు కూడా దాటని గుల్మాలు, గడ్డి. మన తీరంలో సుయేడా (కొన్ని చోట్ల ఇలకూర అంటారు), నేల మీద పాకే సెసూవియం (వంగరెడ్డికూర), ఆర్త్రోక్నెమం ముఖ్యమైనవి. చాలాచోట్ల ఇవి మడకు వెనక, కాస్త ఎత్తులో ఉంటాయి. అక్కడికి రోజూ నీళ్లు రావు, పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటే ఎక్కుతుంది. మిగతా రోజులు ఎండ. అందుకే ఉప్పు పేరుకుంటుంది. ఊళ్లో దీన్ని ‘పర్ర’ అనేసి ఊరుకుంటారు. రికార్డుల్లో చాలాసార్లు బంజరు కిందో పోరంబోకు కిందో పడి ఉంటుంది. మడ అడవికైతే అటవీ శాఖ బోర్డు ఉంటుంది. పర్రకు ఏ బోర్డూ ఉండదు కాబట్టి చెరువు తవ్వాలన్నా, చెత్త పోయాలన్నా ముందు దాని మీదే కన్ను పడుతుంది. వేరేగా మ్యాపు చేయమనేది అందుకే.

జానెడు మొక్కలు ఆకాశం నుంచి కనిపిస్తాయా?

ఒక్కో మొక్క కనిపించదు, గుంపు కనిపిస్తుంది. ఉపగ్రహం చూసేది ఒక గడి (పిక్సెల్) మొత్తంలోని సగటు రంగును. ఆ గడిలో మొక్క, తడి బురద, ఉప్పు పొర, పీతల బొరియలు అన్నీ కలిసి ఉంటాయి. మొక్కలు ఒత్తుగా ఉంటే పని సులువే. చెదురుమదురుగా ఉన్నప్పుడు మాత్రం గడిలో సగం కంటే ఎక్కువ నేలే ఉంటుంది. అలాంటిచోట ‘చిత్తడి ఉంది, లేదు’ అని రెండు ముక్కల్లో తేల్చడం కన్నా ‘పలచగా, మధ్యస్థంగా, ఒత్తుగా’ అని మూడు తరగతులు పెట్టుకోవడం నయం.

మా ఊరి పక్క పర్ర పదెకరాలుంటుంది. ఏ ఉపగ్రహం సరిపోతుంది?

మీటర్లలో చెబితే మనసుకు ఎక్కదు, సెంట్లలో చెబుతాను. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లు, అంటే ఒక్క గడి సుమారు 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, దాదాపు పదమూడున్నర సెంట్లు. సెంటినెల్-2లో ముఖ్యమైన బ్యాండ్లు (ఒక్కో రంగు కాంతిని విడిగా కొలిచే పొరలు) 10 మీటర్లవి, గడి రెండున్నర సెంట్లు. లిస్-4 గడి 5.8 మీటర్లు, సెంటు కన్నా తక్కువే.

పదెకరాల పర్రకు ల్యాండ్‌శాట్‌లో నలభై అయిదు గడులు వస్తాయి. అంచున ఉన్నవన్నీ పక్కనున్న గట్టుతోనో నీళ్లతోనో కలిసిపోతాయి కాబట్టి నికరంగా మిగిలేది పాతిక, ముప్పై. సెంటినెల్-2లో నాలుగొందల గడులు వస్తాయి, అది సరిపోతుంది. కాకపోతే పర్రలు చాలావరకు పాయ వెంబడి సన్నటి పట్టీల్లా ఉంటాయి. అక్కడ విస్తీర్ణం కన్నా వెడల్పు చూసుకోవాలి. పట్టీకి అడ్డంగా కనీసం మూడు గడులైనా పడకపోతే ఆ ఇమేజ్‌తో పని మొదలుపెట్టకండి.

డబ్బు ఏమైనా కట్టాలా? మంచి కంప్యూటర్ కొనాలా?

చదువుకీ పరిశోధనకీ అయితే దాదాపు ఏమీ అక్కర్లేదు. ల్యాండ్‌శాట్ 2008 నుంచి ఉచితం. సెంటినెల్ మొదటి నుంచీ ఉచితమే. రిసోర్స్‌శాట్ డేటా హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) వాళ్ల భూనిధి పోర్టల్‌లో దొరుకుతుంది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అయితే లెక్కంతా వాళ్ల సర్వర్లోనే జరుగుతుంది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్, ఓ మాదిరి ఇంటర్నెట్ చాలు. డబ్బు నిజంగా ఖర్చయ్యేది పడవ కిరాయికి. బడ్జెట్ రాసేటప్పుడు అదే మర్చిపోతారు.

## ఇమేజ్ ఎంచుకునేటప్పుడు

ఒకే నెలలో రెండు ఇమేజ్‌లు తీశాను. ఒకదాంట్లో చిత్తడి ఉంది, ఇంకోదాంట్లో అంతా నీళ్లే. ఏది నిజం?

రెండూ నిజమే. ఒకటి పాటులో (నీరు దిగినప్పుడు) తీసింది, ఇంకోటి పోటులో (నీరు ఎక్కినప్పుడు) తీసింది. నన్ను అడిగేవాళ్లలో సగంమంది టెన్షన్ దీనితోనే మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో తప్పు చేశామనుకుని రెండు మూడు రోజులు సెట్టింగులు మారుస్తూ కూర్చుంటారు.

కాకినాడ దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా రమారమి ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లో కాండ్లా వైపు ఇది ఆరేడు మీటర్లు దాకా పోతుంది, దాంతో పోలిస్తే మనది చిన్నదే. కానీ మన డెల్టా నేల బల్లపరుపు. నీరు జానెడు పెరిగితే అడ్డంగా వందల మీటర్లు పాకుతుంది. అందుకని ఇమేజ్ తేదీతో పాటు దాన్ని తీసిన సమయంలో నీటిమట్టం ఎంతో కూడా రాసుకోవాలి. నేను ఫైలు పేరులోనే పెట్టుకుంటాను: తేదీ, గంట, నీటిమట్టం. నీటిమట్టం రాయని ఇమేజ్‌లతో చేసిన పోలిక మీద నాకు నమ్మకం లేదు, అది ఎంత పెద్ద జర్నల్లో వచ్చినా సరే.

పోటు టైము ఎక్కడ దొరుకుతుంది?

సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు వేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా అంచనాలు ఇస్తుంది. అవి రేవుల దగ్గరి లెక్కలు. పాయ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది, కొంత తగ్గిపోతుంది కూడా. ఎంత ఆలస్యమో తెలియాలంటే పర్ర దగ్గర ఒక కర్ర పాతి, దాని మీద సెంటీమీటర్ల గీతలు గీసి, ఒక రోజంతా గంటగంటకీ ఫొటో తీయండి. లేదంటే అక్కడ వేటకు వెళ్లేవాళ్లని అడగండి. తిథి చెబితే చాలు, నీళ్లు ఎప్పుడు తిరుగుతాయో చెప్పేస్తారు.

పులికాట్‌లో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ నీటిమట్టాన్ని నడిపించేవి వానలు, ఏరుల నీరు, మొగ తెరిచి ఉందా ఇసుకతో పూడిందా అన్నది. ఉత్తర భాగం వేసవిలో బాగా ఎండిపోతుంది. అక్కడ గంట కన్నా నెల ముఖ్యం.

ఐదేళ్ల సెంటినెల్ ఇమేజ్‌లు వెతికినా పూర్తి పాటులో తీసింది ఒక్కటీ లేదు. ఎందుకలా?

మీ వెతుకులాటలో లోపం లేదు, కక్ష్యే అలాంటిది. సెంటినెల్-2 ఎప్పుడొచ్చినా స్థానిక సౌరకాలం ప్రకారం ఉదయం పదిన్నర ప్రాంతంలోనే వస్తుంది. ల్యాండ్‌శాట్ అంతకు కాస్త ముందు. ఇప్పుడు పోటు సంగతి చూడండి. ఒకే చోట పున్నమి, అమావాస్యల నాటి పెద్ద పోటు ప్రతిసారీ దాదాపు ఒకే గంటకు వస్తుంది. ఆ గంట పదిన్నరకు దగ్గరైతే, నీరు బాగా దిగే ఆ రోజుల్లోని పాటు ఎప్పుడూ ఉపగ్రహం వెళ్లిపోయాకే వస్తుంది. అష్టమి నాడు పదిన్నరకు పాటు దొరుకుతుంది గానీ ఆ రోజుల్లో నీరు పెద్దగా దిగదు. అంటే మీ తీరంలో అన్నిటికన్నా కిందున్న బురద ఈ ఉపగ్రహాలకు జీవితంలో కనపడకపోవచ్చు.

ఉప్పు చిత్తడి పైఅంచున ఉంటుంది కాబట్టి మనకు నష్టం తక్కువే. బురద మైదానాల విస్తీర్ణం కూడా లెక్కగట్టేవాళ్లు మాత్రం ‘ఇంత నీటిమట్టం వరకే చూశాం’ అని రిపోర్టులో రాయాలి. రాడార్ ఉపగ్రహాలు వేరే గంటల్లో తిరుగుతాయి, వాటితో కొంత ఖాళీ పూడ్చుకోవచ్చు.

ఏ నెల ఇమేజ్ తీసుకోవాలి?

మన తీరానికి జనవరి నుంచి మార్చి వరకు బాగుంటుంది. మబ్బు తక్కువ. ఈశాన్య రుతుపవనాల తడి ఇంకా ఆరదు, మొక్కలు పచ్చగా ఉంటాయి. ఏప్రిల్, మే ఇమేజ్ ఒకటి అదనంగా తీసుకోండి. అప్పుడు ఉప్పు పొర తెల్లగా పైకి తేలుతుంది, ఖాళీ నేల ఏదో మొక్క ఉన్న నేల ఏదో విడిపోతుంది. ఒకటే తీసుకోమంటే ఫిబ్రవరి.

వర్షాకాలమంతా మబ్బులే. రాడార్ వాడితే పోలా?

వాడండి, కానీ ఏం ఆశించాలో తెలుసుకుని వాడండి. రాడార్ తరంగం మబ్బును దాటి వస్తుంది, రాత్రి కూడా పనిచేస్తుంది. కదలని నీరు నల్లగా కనిపిస్తుంది, అందుకని ముంపు ఎంతవరకు వచ్చిందో చూడడానికి సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం చక్కటి సాధనం. మొక్కల జాతిని చెప్పమంటే మాత్రం చెప్పలేదు. గాలికి నీటి మీద అలలు లేస్తే ఆ నీరే తెల్లబడి పర్రలా కనిపిస్తుంది, అదొక చికాకు.

2025 జూలై 30న వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌లో ఎల్, ఎస్ రెండు బ్యాండ్లున్నాయి. ఎల్ బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు, సెంటినెల్-1ది అయిదున్నర. పొడుగు తరంగం మడ ఆకుల్లోంచి లోపలికి దిగి కొమ్మలనీ కాండాలనీ చూస్తుంది, పొట్టి పర్ర మొక్కల్ని దాదాపు పట్టించుకోదు. మడకీ పర్రకీ మధ్య గీత గీయడానికి ఇది ఉపయోగపడాలి. దాన్ని మోసుకెళ్లిన రాకెట్టు ఎగిరిన శ్రీహరికోట, పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న దీవే. పర్రల్ని చూడబోయే కన్ను పర్రల పక్క నుంచే లేచి వెళ్లింది!

## మ్యాపు గీసేటప్పుడు

ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) ఎంత దాటితే ఉప్పు చిత్తడి అనుకోవాలి?

అందరికీ పనికొచ్చే అంకె ఒకటి చెప్పమంటారు. అలాంటిది లేదు, ఉందని ఎవరైనా చెబితే ఏ నెలలో, ఏ పర్రలో అని అడగండి.

ఎందుకో సుయేడాని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. జనవరిలో దాని ఆకు పచ్చగా, పెసరగింజంత లావుగా ఉంటుంది. తుంచి నొక్కితే నీరు ఊరుతుంది, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. ఎండలు ముదిరి నేలలో ఉప్పు పెరిగేకొద్దీ అదే మొక్క ఎర్రబడుతుంది, కొన్నిచోట్ల పర్రంతా కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది. బీట్‌రూట్‌కు రంగునిచ్చే జాతి వర్ణకాలే దీనిలోనూ ఉంటాయి. మొక్క బతికే ఉంది, కానీ పచ్చటి ఆకు మింగేయాల్సిన ఎరుపు కాంతిని ఇప్పుడు వెనక్కి పంపుతోంది. ఎన్‌డీవీఐ అంటే సమీప పరారుణానికీ ఎరుపుకీ మధ్య తేడాని వాటి మొత్తంతో భాగించడమే. ఎరుపు పెరిగితే అంకె పడిపోతుంది. మే నెల ఇమేజ్‌తో మ్యాపు గీసి ‘చిత్తడి చచ్చిపోయింది’ అని రాసినవాళ్లున్నారు.

దీనికి రివర్సు కేసూ ఉంది. ఖాళీ బురద మీద పలచటి నాచు పొర కడితే ఎన్‌డీవీఐ కాస్త పెరిగి, మొక్కలున్నట్టు భ్రమ పెడుతుంది.

నేను చేసేది ఇది: ఏడాది పొడవునా వచ్చిన మబ్బులేని ఇమేజ్‌లన్నీ తీసుకుని, ప్రతి గడికీ సూచిక ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్న నడకను చూస్తాను. మడ ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది, పర్ర ఊగిసలాడుతుంది, బురద కిందనే ఉంటుంది. సెంటినెల్-2లోని రెడ్ ఎడ్జ్ బ్యాండ్లు (ఎరుపుకీ సమీప పరారుణానికీ మధ్యవి) 20 మీటర్లవైనా ఎర్ర సుయేడా దగ్గర సాయం చేస్తాయి. తేమ కోసం షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు తప్పకుండా కలపండి.

రొయ్యల చెరువులు, ఉప్పు మడులు, పర్ర అన్నీ కలిసిపోతున్నాయి. ఎలా విడదీయాలి?

ముందు నా సిగ్గు చెప్పుకోవాలి. కృష్ణా మొగ వైపు గీసిన నా తొలి మ్యాపులో ఒకచోట ‘బురద మైదానం’ అని పెద్ద మచ్చ వేశాను. దాన్ని పట్టుకుని వెళ్తే పడవ నడిపే ఆయన నవ్వి, “అది మా బావ చెరువండీ, అప్పట్లో పట్టుబడి అయిపోయి ఎండబెట్టాడు” అన్నాడు. ఎండబెట్టిన చెరువుకీ సహజమైన బురదకీ ఆ ఒక్క ఇమేజ్‌లో రంగు తేడా లేదు.

రంగుతో తేలనిది ఆకారంతోనూ కాలంతోనూ తేలుతుంది. చెరువుకు నిటారు గట్లు, చతురస్రం మూలలు, పక్కనే కాలువ ఉంటాయి. పర్రలోని పాయలు వంకరటింకరగా చెట్టు కొమ్మల్లా చీలతాయి. చెరువు నెలల తరబడి నిండుగా ఉండి హఠాత్తుగా ఎండుతుంది, ఆ ఎండడానికి తిథితో సంబంధం ఉండదు. ఉప్పు మడులు చిన్న చిన్న గళ్లు, వేసవిలో ధగధగా తెల్లగా మెరుస్తాయి, వానలు మొదలయ్యాక ఆ మెరుపు పోతుంది. ఏడాదిలో కనీసం పది ఇమేజ్‌లు దొంతరగా పెట్టి చూస్తే ఈ మూడూ వాటంతటవే విడిపోతాయి. గట్లు తెగి వదిలేసిన పాత చెరువులు మాత్రం తలనొప్పే. వాటిలోకి పోటు నీరు తిరిగి వస్తే సుయేడా మొలుస్తుంది. వాటికి విడిగా ఒక తరగతి పెట్టండి.

సర్కారు తుమ్మ కూడా పచ్చగానే వస్తోంది, ఏం చేయాలి?

తుమ్మ పర్ర అంచున, గట్ల మీద, పోటు ఎక్కని చోట ఉంటుంది. మండు వేసవిలో పర్ర వాడి ఎర్రబడ్డాక కూడా ఇది పచ్చగా నిలుస్తుంది. మే ఇమేజ్ ఒక్కటి చాలు. సరుగుడు తోటలు ఇసుక మీద, వరసల్లో ఉంటాయి కాబట్టి కంటికే తెలిసిపోతాయి.

రాండమ్ ఫారెస్ట్‌తో (నమూనా గడులు చూపించి కంప్యూటర్‌కు తరగతులు నేర్పే పద్ధతి) 98 శాతం యాక్యురసీ వచ్చింది. మా గైడ్ నమ్మట్లేదు. ఎందుకు?

మీ గైడ్ మంచివారు. నేర్పడానికి వాడిన గడులకు పక్క గడుల్నే పరీక్షకూ పెట్టి ఉంటారు. ఒకే మడ తోపులోంచి వంద గడులు తీసి, డెబ్బై నేర్పడానికి, ముప్పై పరీక్షకు అంటే అది పరీక్ష పేపరు ముందే ఇచ్చినట్టు. పాయకు అవతల ఉన్న, కంప్యూటర్ ఎప్పుడూ చూడని ప్రాంతాన్ని పూర్తిగా పక్కనపెట్టి, దాని మీద పరీక్షించండి. మార్కులు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

ఇంకో సంగతి. మొత్తం మ్యాపులో సముద్రం సగం ఉంటే, సముద్రాన్ని సముద్రం అన్నందుకే సగం మార్కులు పడతాయి. ఉప్పు చిత్తడి అన్న ఒక్క తరగతికి విడిగా ఎంతొచ్చిందో చెప్పండి.

ఎత్తుల డేటా కలిపితే మ్యాపు మెరుగవుతుందా?

ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపులతో పర్రలో పెద్దగా ఒరిగేది ఉండదు. వాటిలో ఒకటైన ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరి నాటిది, దానిలో పొరపాటు మీటర్లలో ఉంటుంది. పర్రలో జానెడు ఎత్తు తేడాకే మొక్క జాతి మారిపోతుంది. మీటర్ల బద్దతో సెంటీమీటర్లు కొలవలేం కదా.

దానికన్నా మేలైన ఉపాయం ఉంది. రెండు మూడేళ్ల ఇమేజ్‌లు, అరవయ్యో డెబ్బయ్యో తీసుకోండి. ప్రతి గడి ఎన్నిసార్లు నీటిలో ఉందో లెక్కపెట్టండి. నలభైసార్లు మునిగింది పల్లం, రెండుసార్లు మునిగింది మెరక. నీరే మీకు ఎత్తుల వరస గీసిపెడుతుంది.

## పర్రలోకి దిగేటప్పుడు

ఫీల్డుకు వెళ్లాల్సిందేనా? గూగుల్ ఎర్త్‌లో చూసి పాయింట్లు పెట్టేస్తే?

కొన్ని పెట్టొచ్చు. మడ, చెరువు, ఇసుక గూగుల్ ఎర్త్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. ఇమేజ్ తేదీ మాత్రం చూసుకోండి, మీ మ్యాపు ఏడాదికీ దానికీ పొంతన ఉండాలి. పలచటి సుయేడానీ నాచునీ విడదీయడానికి మాత్రం వెళ్లాల్సిందే.

పాయింట్లు ఎన్ని అనేది తరగతిని బట్టి. ఒక్కో తరగతికి యాభై తగ్గకుండా చూసుకోండి. అవి మ్యాపులోంచి యాదృచ్ఛికంగా ఎంచినవై ఉండాలి, రోడ్డు పక్కన తేలిగ్గా దొరికినవి కాకూడదు. ఫోన్ జీపీఎస్ బయట మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కాబట్టి చుట్టూ కనీసం ముప్పై మీటర్లు ఒకేలా ఉన్న చోట నిలబడి పాయింటు తీసుకోండి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

నీళ్లు, టోపీ, ప్లాస్టిక్ సంచిలో ఫోను, పవర్‌బ్యాంకు. చెప్పులు బురదలో ఉండిపోతాయి, గమ్‌బూట్లు కూరుకుపోతే కాలు బయటికి వస్తుంది గానీ బూటు రాదు. బిగుతుగా లేసులు కట్టే పాత కాన్వాస్ బూట్లు మేలు. ప్రతి పాయింట్ దగ్గరా నాలుగు దిక్కులకీ నాలుగు ఫొటోలు, కాళ్ల దగ్గర నేలది ఒకటి తీయండి. పాటు మొదలయ్యాక దిగి, నీరు తిరగకముందే బయటపడాలి. నడిచి దాటిన మోకాలు లోతు పాయ వచ్చేటప్పుడు నడుము దాకా ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో ముందు చూడాలి, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. కోరింగ, కృష్ణా అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి విడిగా కావాలి. శ్రీహరికోట చుట్టుపక్కల ఆ ఆలోచనే వద్దు. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో అనుమతి ఉన్నా ఎగరేయకపోవడమే మంచిది. తీరపు గాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది కాబట్టి ఉదయం తొమ్మిదిలోపు పని ముగించండి.

## ఏళ్ల తరబడి గమనించేటప్పుడు

1990 మ్యాపుతో పోలిస్తే ఇప్పుడు 400 ఎకరాలు తగ్గింది. రాసేయొచ్చా?

ఆగండి. మీ పర్ర అంచు పది కిలోమీటర్ల పొడవు ఉందనుకోండి. రెండు ఇమేజ్‌ల మధ్య ఒక్క ల్యాండ్‌శాట్ గడి, అంటే 30 మీటర్లు, అటూ ఇటూ జరిగితే చాలు, 30 హెక్టార్లు తేడా వస్తుంది. అంటే 74 ఎకరాలు, గడ్డిపరక కూడా పోకుండానే! పోటు తేడా, నెల తేడా దీనికి అదనం.

గడులు లెక్కపెట్టి విస్తీర్ణం చెప్పడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఊహాలెక్క ఒకటి చూడండి. మ్యాపులో చిత్తడి వెయ్యి ఎకరాలు, మిగతాది తొమ్మిది వేల ఎకరాలు. చిత్తడి అన్న చోట వంద పాయింట్లు చూస్తే ఎనభై సరైనవి. మిగతాది అన్న చోట వంద చూస్తే అయిదు నిజానికి చిత్తడి. అప్పుడు అసలు చిత్తడి అంచనా: వెయ్యిలో ఎనభై శాతం 800, తొమ్మిది వేలలో అయిదు శాతం 450. మొత్తం 1,250. మ్యాపు చెప్పింది వెయ్యే. రెండు సంవత్సరాలకీ ఇలా సరిదిద్దిన అంకె కట్టి, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో కూడా వేసి, అప్పటికీ 400 నిలిస్తే రాయండి.

2003 తర్వాతి ల్యాండ్‌శాట్ 7 ఇమేజ్‌లలో నల్ల చారలేంటి? డౌన్‌లోడ్ సరిగా కాలేదా?

డౌన్‌లోడ్ బాగానే అయింది. 2003 మే 31న ఆ ఉపగ్రహంలో స్కాన్ లైన్ కరెక్టర్ అనే భాగం చెడిపోయింది. అప్పటి నుంచి ప్రతి ఇమేజ్‌లో సుమారు 22 శాతం ఖాళీ. ఆ కాలానికి ల్యాండ్‌శాట్ 5 వాడండి. 2013 నుంచి ల్యాండ్‌శాట్ 8 ఉంది.

2022 నుంచి మా పర్రంతా ఒక్కసారిగా పచ్చదనం తగ్గినట్టు వస్తోంది. నిజమేనా?

సెంటినెల్-2 అయితే ముందు అనుమానించాల్సింది డేటానే. 2022 జనవరి 25 నుంచి ఆ డేటా విలువలకు వెయ్యి కలిపి ఇస్తున్నారు. ఆ వెయ్యి తీసేయకుండా ఎన్‌డీవీఐ కడితే అంకె పడిపోతుంది. ఎర్త్ ఇంజిన్‌లో ‘హార్మనైజ్డ్’ అని ఉన్న కలెక్షన్ తీసుకుంటే సర్దుబాటు వాళ్లే చేసి ఇస్తారు.

తుపాను వెళ్లిన ఎన్నాళ్లకు చూడాలి?

మూడుసార్లు చూడాలి. మొదటి వారంలో రాడార్‌తో ముంపు. నెల తర్వాత మబ్బులేని ఇమేజ్‌తో, ఇసుక ఎక్కడ కప్పేసింది, అంచు ఎక్కడ కోతకు గురైంది. ఏడాది తర్వాత అదే నెలలో, మొక్క తిరిగి వచ్చిందా లేదా. మొదటి నెలలో గోధుమరంగులో కనిపించే పర్ర చాలాసార్లు బురద పూత వల్ల అలా ఉంటుంది, ఒక వానకు కడుక్కుపోతుంది. తొందరపడి నష్టం అంకెలు ఇవ్వకండి.

మడ మొక్కలు పర్రలోకి వచ్చేస్తున్నాయి. ఇది మంచి వార్తే కదా?

పత్రికలకు మంచి వార్తే. మడ పెరిగితే పర్ర తరిగినట్టు. ఖాళీ పర్రలో బురద పిట్టలు మేస్తాయి, దట్టమైన చెట్ల మధ్య అవి దిగవు. మడ దానంతటది వస్తే నీటి రాకపోకలు మారాయని అర్థం, ఎందుకు మారాయో చూడాలి. మనమే కాలువలు తీసి పర్రలో మడ నాటుతుంటే మాత్రం, ఆ చోట ఇంతకుముందు ఏముందో పాత ఇమేజ్‌లలో చూసి మరీ నాటడం సబబు.

కార్బన్ ఎంతుందో ఉపగ్రహం చెబుతుందా?

చెప్పదు. పర్రలో కార్బన్ ఎక్కువగా ఉండేది మట్టిలో. ఉపగ్రహం పైపొరే చూస్తుంది. విస్తీర్ణం ఇమేజ్ నుంచి తీసుకుని, మట్టి గొట్టాలు దింపి నమూనాలు తీసి, ల్యాబులో కొలిచిన అంకెతో గుణించాలి.

## మ్యాపు చేతికొచ్చాక

ఈ మ్యాపు చూపించి చెరువు తవ్వకం ఆపించొచ్చా?

నేరుగా ఆపించలేరు, ఫిర్యాదుకు బలం ఇవ్వగలరు. తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్లలో, 2011 దాంట్లోనూ 2019 దాంట్లోనూ, ఉప్పు చిత్తడి నేలలు సీఆర్‌జెడ్-1ఏ కిందకు వస్తాయి. అది అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతి. అయితే చట్టం ముందు నిలిచేది ఆమోదం పొందిన తీర మండలి నిర్వహణ ప్రణాళిక మ్యాపు. మీరు ఇంట్లో గీసింది కాదు. ముందు ఆ ప్రణాళికలో మీ పర్ర ఏ రంగులో ఉందో చూడండి. 1:25,000 స్కేలులో గీసిన వాటిలో చిన్న పర్రలు జారిపోవడం మామూలే. ఫిర్యాదుతో పాటు సర్వే నంబర్లు, తవ్వకానికి ముందూ తర్వాతా ఇమేజ్‌లు తేదీలతో సహా, నేల మీద తీసిన ఫొటోలు పెట్టండి. ఎన్‌డీవీఐ గ్రాఫులు పెట్టకండి, చదివే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఊళ్లో వాళ్లకు చూపించాల్సిన అవసరం ఉందా?

చూపించండి, రిపోర్టు ఫైనల్ చేయకముందే చూపించండి. పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, గుడి, ఐస్ ఫ్యాక్టరీ, పడవలు కట్టే రేవు గుర్తులు వేయండి. ఉత్తరం పైకి ఉండడం కన్నా సముద్రం ఎటు ఉందో తెలియడం వాళ్లకు ముఖ్యం. ఎన్‌డీవీఐ రంగులు కాకుండా మామూలు రంగుల ఇమేజ్ వేయండి. ఏ పాయ పేరేంటి, ఏ ఏడు పూడింది, ఏ చెరువు ఎవరు వదిలేశారు, ఎక్కడ గొడ్లు మేస్తాయి అన్నవి కూర్చున్న గంటలో బయటికొస్తాయి. ఎవరు ఏం చెప్పారో పేర్లు లేకుండా, వాళ్ల చేతనే మ్యాపు మీద గీయించండి. అందుకు నాలుగైదు పెన్సిళ్లు తీసుకెళ్లండి. పెన్నయితే తడి చేతులకు అలుక్కుపోతుంది.